ఎడమవైపు నమలడం

ఫిబ్రవరి 9

ఇవాళ డాక్టరమ్మ నా దవడ వంక చూసింది.

మామూలుగా చూడలేదు. నేను చేసిన పింగాణీ పన్నును కిటికీ వెలుతురుకు పట్టి, "అసలు పన్నే అనుకుంటారు మాస్టారూ" అని మెచ్చుకుంటూనే కళ్ళు తెచ్చి నా కుడి చెంప మీద పెట్టింది. పళ్ళ డాక్టర్లకు అదో జబ్బు. ఎదుటివాడి మొహం చూడరు, నోరు చూస్తారు. పాత డాక్టరుగారు అలా కాదు. ఆయన రోగులకు ఇన్నేళ్ళు పళ్ళు చేసిపెట్టాను, ఒక్కనాడు నా నోటి జోలికి రాలేదు. ఆయన క్లినిక్ ఈ అమ్మాయికి అప్పగించి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

ముందు గది ఆవిడది. వెనక గది నాది, మేస్త్రీది. మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ కాదు. రోగుల నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి నమూనాలు తీసే పెద్దాయన. ఆ నమూనాల మీద మైనంతో, పింగాణీతో పళ్ళు కట్టడం నా పని. రెండు గదులకూ మధ్య ఒక తలుపు. పూర్తయిన పళ్ళు ఇవ్వడానికి ఆ తలుపు దాకా వెళ్తాను. అవతల ఆకుపచ్చ కుర్చీ ఉంటుంది. అందులో ఎప్పుడూ కూర్చోలేదు. అవసరం పడలేదు, అంతే.

కుడివైపు కింది దవడపన్ను కాస్త జివ్వుమంటోంది. చలికి.

ఈ డైరీ ఇంటికి తీసుకెళ్ళను. మైనం డబ్బాల వెనక పెడతాను. మా ఇంట్లో గోడలకు చెవులే కాదు, ఈ మధ్య కళ్ళు కూడా మొలిచాయి.

ఫిబ్రవరి 11

పన్ను కాదు, చెవి. చెవిపోటు దవడలోకి దిగుతుంది. ఎవరినడిగినా చెప్తారు.

ఫిబ్రవరి 14

ఏదో జరుగుతోంది.

వరసపెట్టి ఇంట్లో సూపు, పాలల్లో నానబెట్టిన రొట్టె, మెత్తగా చిదిపిన బంగాళాదుంప. మా ఇంట్లో ముగ్గురికీ పళ్ళున్నాయి. మరి ఈ బోసినోటి భోజనం ఎవరి కోసం?

"ఏంటి, రోజూ ఇదేనా?" అన్నాను.

"ఒంటికి మంచిది," అంది మా ఆవిడ.

అన్న మాట కంటే అన్న గొంతు నన్ను కలవరపెట్టింది. మా ఆవిడ బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో పనిచేస్తుంది. బస్సు ఆలస్యమైందనీ, అసలు రాదనీ మైకులో ఎంత చల్లగా చెప్తుందంటే తిట్టడానికి వచ్చినవాడు కూడా సరేనమ్మా అని వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాడు. ఆ గొంతు ఇంట్లో వినిపించిందంటే బస్సు రావడం లేదని అర్థం.

నేను కుడివైపు నమలడం మానేసిన సంగతి కనిపెట్టిందా? అయినా మానేశానని ఎలా అంటాను? నాకు మొదటి నుంచీ ఎడమవైపే అలవాటు.

ఫిబ్రవరి 17

కొరియర్ ఆఫీసుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి మా ఆవిడ క్లినిక్‌లో ఉంది. డాక్టరమ్మా తనూ తలకు తల ఆనించి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ ఠక్కున ఆపేశారు. డాక్టరమ్మ బల్ల మీద లేని దేన్నో వెతకసాగింది.

"తాళాలు మర్చిపోయారేమోనని వచ్చాను," అంది మా ఆవిడ.

తాళాలు నా జేబులోనే ఉన్నాయి. తీసి చూపించాను.

"అయితే సరే," అని వెళ్ళిపోయింది. డ్యూటీ మధ్యలో, ఊరి ఆ చివర నుంచి, లేని తాళాల కోసం!

నిప్పు లేనిదే పొగ రాదు. నన్ను ఆ కుర్చీ ఎక్కించడానికి ఇద్దరూ చేతులు కలిపారు.

ఫిబ్రవరి 18

పిల్లను కూడా కలుపుకున్నారు.

మా పిచ్చుకకు ఎనిమిదేళ్ళు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది, ఆ పేరు ఊరికే రాలేదు. అలాంటిది కొన్నాళ్ళుగా నోరు విప్పడం లేదు. అడిగితే తల ఊపుతుంది. రహస్యం తెలిసిన పిల్లలు అలాగే ఉంటారు.

పైగా నన్ను వెక్కిరిస్తోంది. భోజనాల దగ్గర గమనించాను. నాలాగే ఎడమవైపే నములుతోంది. నాలాగే తల కాస్త వంచి, కుడి చెంప కదలకుండా. ఎవరు నేర్పారని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే నేనే ఒప్పుకున్నట్టవుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను నేను.

ఫిబ్రవరి 22

మా బావమరిది వచ్చాడు. వాడు సామాను చేరవేసే వ్యాను నడుపుతాడు. మంచివాడే, కానీ అక్క గీసిన గీత దాటడు. జేబు నిండా జిగురు టాఫీలు తెచ్చాడు.

"తీసుకో బావా."

"పిల్లకివ్వు."

పిచ్చుక వద్దంది! టాఫీ వద్దన్న పిల్లను నా జన్మలో చూడలేదు. నేలచూపులు చూస్తూ మూలకు వెళ్ళి నిలబడింది. మా ఆవిడ ఉలిక్కిపడి తమ్ముడి వంక గుర్రుగా చూసింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది పరీక్ష. నేను తింటానా లేదా అని చూస్తున్నారు.

తిన్నాను. అందరూ చూస్తుండగా విప్పి నోట్లో వేసుకుని, కావాలని కుడివైపు కొరికాను.

తర్వాత ఏం జరిగిందో సరిగ్గా రాయలేను. చెవిలోంచి మేకు దిగి గవదలో బయటికొచ్చినట్టయింది. పంటి బిగువున లేచి, "చేతులు కడుక్కొస్తాను" అని స్నానాలగదిలోకి వెళ్ళి, చప్పుడు బయటికి రాకుండా కుళాయి పూర్తిగా తిప్పి, గోడకు తల ఆనించి నిలబడ్డాను. నవ్వుతూ బయటికొచ్చాను.

"బావుందా బావా?" అన్నాడు వాడు.

"బ్రహ్మాండం."

పిచ్చుక నన్ను అదో మాదిరిగా చూసింది. కాసేపటికి తనూ స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. మా ఇంట్లో నీళ్ళు ఊరికే పోతున్నాయి.

ఫిబ్రవరి 23

లవంగం.

ఫిబ్రవరి 25

వల బయటపడింది.

"మాస్టారూ, ఈ రోగికి పెట్టాల్సిన పన్ను రంగు మీ ముందుపంటి రంగులాగే ఉంది," అంది డాక్టరమ్మ. "ఆ లైటు కింద ఒక్క క్షణం కూర్చుంటే పోల్చి చూస్తాను."

ఒక్క క్షణమట! రంగులు పోల్చడానికి నమూనా పళ్ళ వరస ఆవిడ డ్రాయరులోనే ఉంది. కుర్చీ పక్కన పనిముట్ల పళ్ళెం మీద గుడ్డ కూడా కప్పి ఉంది. కప్పాల్సిన అవసరమేమిటి?

"చేతులకు మైనం ఉందండీ," అన్నాను.

"కూర్చోవడానికి చేతులెందుకు?" అని నవ్వింది.

ఇవతలికొచ్చి తలుపు వేసుకున్నాను. మేస్త్రీ ప్లాస్టర్ కలుపుతూ నా వంక చూశాడు. ఆయన పైవరస, కిందివరస రెండూ నేను చేసినవే. వాటితోనే నన్ను చూసి నవ్వుతాడు.

"భయమా?"

"భయం కాదు. నమ్మకం లేదు."

"పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికెళ్తున్నావురా అబ్బాయ్," అన్నాడు. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ నీ బల్ల మీద ఆరబెట్టి ఉంటాయి. నీ నోరు మాత్రం ఎవరూ చూడకూడదు."

నేను మోటారు వేసి పన్ను పాలిష్ చేస్తూ కూర్చున్నాను. ఆ చప్పుడులో ఎవరి మాటా వినిపించదు.

నమ్మకం లేదన్నది నిజం. పిచ్చుక వయసులో ఉండగా నాకో పన్ను పాడైంది. మా మేనమామ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. "ఊరికే చూస్తార్రా, అంతే" అన్నాడు. దారిలో బెలూను కొనిపెట్టాడు. కుర్చీలో కూర్చోగానే ఆ చేత్తోనే నా తల అదిమి పట్టాడు. నొప్పి ఎలా ఉందో ఇప్పుడు గుర్తులేదు. నుదుటి మీద ఆ అరచెయ్యి మాత్రం గుర్తుంది. అందులో నాకిష్టమైన పొగాకు వాసన ఉండేది.

ఇదంతా ఎందుకు రాశానో తెలియదు. అసలు విషయానికి దీంతో సంబంధం లేదు.

ఫిబ్రవరి 28

ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక గులాబీరంగు మందు సీసా దొరికింది. లేబులు గోడవైపు తిప్పి పెట్టారు. తిప్పి చదువుదామనుకున్నాను. అంతలో వంటింట్లోకి ఎవరో వస్తున్న చప్పుడైంది, తలుపు మూసేశాను.

సూపులో కలుపుతున్నారా? మత్తుమందా? మనిషికి తెలివి తప్పిస్తే కుర్చీ ఎక్కించడం ఎంతసేపు?

నేటి నుంచి సూపు బంద్.

మార్చి 3

చెంప వాచింది. మఫ్లరు చుట్టుకుని వచ్చాను. జలుబన్నాను. "జలుబు ఒక పక్కకే చేసిందా?" అన్నాడు మేస్త్రీ.

మధ్యాహ్నం మేస్త్రీ బయటికి వెళ్ళాడు. నేను మోటారు ఆపి బొటనవేలి గోరంత పింగాణీ పన్నుకు రంగు అద్దుతున్నాను. అవతల మా ఆవిడ గొంతు. తలుపు దగ్గరికి వెళ్ళాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను, రేపు ఎవరైనా నాది అనుమానపు జబ్బంటే చూపించడానికి.

మా ఆవిడ: "ఆయనకు మాత్రం చెప్పకండి. తెలిస్తే మొత్తం పాడవుతుంది."

డాక్టరమ్మ: "ఇంక ఆగడం మంచిది కాదండీ. శనివారం పొద్దున ఎవర్నీ పెట్టుకోను, వచ్చెయ్యండి."

మా ఆవిడ: "ఊరికే చూస్తారని చెప్పి తీసుకొస్తాను. మా తమ్ముడు కూడా వస్తాడు. చేతులు పట్టుకుంటాడు."

"పట్టుకోవడాలు వద్దండీ," అంది డాక్టరమ్మ.

"మీకు తెలియదు. కాళ్ళూ చేతులూ ఆడిస్తే ఆపలేం."

చేతులు పట్టుకుంటాడట. ఊరికే చూస్తారట. మా మామయ్య పోయి చాలా కాలమైంది. ఆ మాటలు మాత్రం బతికే ఉన్నాయి, తిరిగి తిరిగి నా పెళ్ళాం నోట్లోకే వచ్చాయి.

మార్చి 5

శనివారం నేను ఊళ్ళో ఉండను. పింగాణీ పొడి అయిపోయింది, పక్క ఊరి నుంచి తేవాలని చెప్పాను.

"ఓ, వెళ్ళిరండి. తొందరేం లేదు, నిదానంగానే రండి," అంది మా ఆవిడ. మొహంలో ఎంత తెరిపి! 

అంత తేలిగ్గా వదిలేసిందేమిటి? ఇందులో ఇంకేదో మతలబు ఉంది.

మార్చి 7, శనివారం

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పొద్దున సంచీ తగిలించుకుని బయల్దేరాను. పక్క ఊరి బస్సు ఎక్కలేదు. క్లినిక్‌కు ఎదురుగా ఉన్న బస్టాపులో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నేను లేకుండా నన్నెలా పట్టుకుంటారో చూద్దామని. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువ మాటో తెలుస్తోంది. అక్కడ కూర్చున్నప్పుడు మాత్రం నా అంత తెలివైనవాడు లేడనిపించింది.

బావమరిది వ్యాను వచ్చి ఆగింది. మా ఆవిడ దిగింది. వాడు వెనక తలుపు తీసి పిచ్చుకను ఎత్తుకుని దింపాడు. పిల్ల రెండు అరచేతులతో నోరు మూసుకుని ఉంది.

నేను పేపరు పట్టుకునే కూర్చున్నాను. పిల్లను ఎందుకు తెచ్చారు? నాకు ఎరగానా? ఆ ఆలోచన కూడా వచ్చింది, రాలేదని ఎందుకు అబద్ధమాడాలి. గుమ్మం దగ్గర పిచ్చుక కాళ్ళు బిగదన్ని తలుపుచట్రం పట్టుకుంది. అలా పట్టుకోవాలంటే నోటి మీంచి ఒక చెయ్యి తియ్యాల్సొచ్చింది. అప్పుడు కనిపించింది. దాని కుడి చెంప.

సూపు దానికి. గులాబీరంగు మందు దానికి. ఎడమవైపు నమిలింది నన్ను వెక్కిరించడానికి కాదు.

రోడ్డు ఎలా దాటానో తెలియదు. గుమ్మంలో బావమరిది నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా అయ్యాడు. "బావా, నువ్వు ఊళ్ళో లేవన్నారే!"

లోపల పిచ్చుక ఆ ఆకుపచ్చ కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని ఉండలా కూర్చుంది. మళ్ళీ రెండు చేతులూ నోటి మీద. మా ఆవిడ దాని మీదికి వంగి, ఆ చల్లటి గొంతుతోనే, "ఊరికే చూస్తారమ్మా, అంతే" అంటోంది. నా వెనకే వచ్చిన బావమరిది పిల్ల మణికట్లు పట్టుకోబోయాడు.

"వద్దు," అన్నాను. "దాన్ని ముట్టుకోకు."

మా ఆవిడ వెనక్కి తిరిగింది. "మీరెందుకు వచ్చారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే?" అంది. గొంతులో చల్లదనం మొత్తం పోయింది. "కిందటేడు బడిలో పళ్ళ పరీక్షంటే మీరే కదా ఒంట్లో బాలేదని చీటీ రాసి ఇంట్లో ఉంచేసింది! ఈ కుర్చీ పేరెత్తితే మీ మొహం సున్నం కొట్టినట్టవుతుంది. పిల్ల మీ మొహమే చూస్తుందండీ, నా మాట వినదు. దిండు కొరుక్కుంటూ పడుకుంటోంది నా కూతురు. మీరొస్తే అది నోరు తెరవదు. అందుకే చెప్పలేదు."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. పాలపన్నే, కానీ వేరు దాకా పుచ్చి చీము పట్టింది. మందుతో వాపు కాస్త దిగింది. ఇవాళే తీసెయ్యాలి, మళ్ళీ ముదిరితే పిల్లకు ప్రమాదం.

"కాసేపు మమ్మల్ని వదలండి," అని పిల్లను ఎత్తుకుని మధ్య తలుపు తోసుకుని నా గదిలోకి తెచ్చాను. బల్ల మీద ప్లాస్టర్ దవడలన్నీ పక్కకు జరిపి కూర్చోబెట్టాను. మేస్త్రీ చూసి బయటికి వెళ్ళాడు.

"నాన్నా, ఊరికే చూస్తారా?" వేళ్ళ సందుల్లోంచి అడిగింది.

"కాదు. పన్ను తీసేస్తారు."

తలుపు దగ్గర మా ఆవిడ "ఏమండీ!" అంది. నేను తిరగలేదు.

"నొప్పెడుతుందా?"

"సూది గుచ్చినప్పుడు పెడుతుంది. కందిరీగ కుట్టినట్టు. తర్వాత బుగ్గ మొద్దుబారుతుంది. లాగడం తెలుస్తుంది గానీ నొప్పి తెలియదంటారు."

"అంటారా? నువ్వు కూర్చోలేదా?"

"చిన్నప్పుడోసారి కూర్చున్నాను. నాకు అబద్ధం చెప్పి తీసుకెళ్ళారు."

"తర్వాత?"

"కూర్చోలేదు."

"నీకు పళ్ళు నొప్పెట్టవా?"

మఫ్లరు విప్పాను. పిచ్చుక నోటి మీద నుంచి ఒక చెయ్యి తీసి నా చెంప ముట్టుకుంది.

"నీది నాదానికంటే పెద్దగా ఉంది."

"అవును."

"మరెందుకు కూర్చోలేదు?"

"భయమమ్మా."

ఈ డైరీలో ఇన్ని పేజీలు రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి మాత్రం ఇవాళే చెయ్యొచ్చింది.

"నాక్కూడా," అంది పిచ్చుక. "అందుకే నీలాగే చేశా. నువ్వు ఎడమవైపు తింటావు కదా, అలా తింటే ఎవరికీ తెలీదు. ఏడుపొస్తే కుళాయి తిప్పాలి. నువ్వు తిప్పుతావు కదా."

దానికెవరు నేర్పారా అని తెగ ఆలోచించాను నేను. బడి లెక్కలు నేర్పడానికి ఎన్నిసార్లు కూర్చోబెట్టుకున్నా బుర్రకెక్కలేదు. ఇది మాత్రం చెప్పకుండానే వచ్చేసింది.

"నువ్వు కూర్చుంటే చూస్తా," అంది.

"చూసి కూర్చుంటావా?"

"చూసి చెప్తా."

నా కూతురే. ఊరికే మాటివ్వదు.

కుర్చీ దాకా వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఒళ్ళంతా చెమట. కూర్చున్నాక కుర్చీ వెనక్కి వాలుతుంటే చెయ్యి దానంతటదే లేచి పక్క పళ్ళేన్ని కొట్టింది, పనిముట్లన్నీ గలగలా కదిలాయి. పిల్ల చూస్తోందని కూడా గుర్తులేదు.

"డాక్టరుగారూ," అన్నాను. "ఏం చేసినా ముందు చెప్పండి. అబద్ధం మాత్రం వద్దు."

"చెప్పే చేస్తాను మాస్టారూ. మీరు చెయ్యెత్తితే ఆపేస్తాను."

నేను నమ్మలేదు. అందరూ అలాగే అంటారు. అందుకే ఆవిడ అద్దం నోట్లో పెట్టగానే, నొప్పి లేకుండానే, చెయ్యెత్తాను.

ఆపింది. అద్దం తీసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎందుకెత్తానని అడగలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ఆపింది. పక్కనుంచి పిచ్చుక, "నిజంగానే ఆపుతోంది నాన్నా," అంది. తనూ పరీక్షిస్తోందన్నమాట.

"ఇప్పుడు సూది," అంది డాక్టరమ్మ. "నొప్పెడుతుంది. వాపు ఉంది కాబట్టి మామూలు కంటే ఎక్కువే పెడుతుంది."

పెట్టింది. కళ్ళలో నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. కుళాయి చేతికి అందేలా లేదు. పిచ్చుక నా బొటనవేలు పట్టుకుంది. తల మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

పంటిలో చిన్న రంధ్రం చేసి చీము బయటికి తీసింది. ఇన్నాళ్ళూ లోపల బిగదీసుకున్నదేదో ఒక్కసారిగా వదిలింది. పన్ను దక్కదని, మందులు వాడాక తీసెయ్యాలని చెప్పింది. నేను తల ఊపాను. నోరు సగం నాది కాదు.

కుర్చీ దిగేసరికి పిచ్చుక నన్ను కింది నుంచి పై దాకా పరికించింది.

"ఏడ్చావు," అంది.

"ఎడ్చ్యాను," అన్నాను, మొద్దుబారిన నోటితో.

దానికి నవ్వాగలేదు. చాలా రోజుల తర్వాత నోరు తెరిచి నవ్వింది. నవ్వుతూనే కుర్చీ ఎక్కి, నవ్వు పోయి, బిక్కమొహం వేసి, మళ్ళీ చేతులు నోటి మీద పెట్టుకుంది. ఎవరూ లాగలేదు. మా ఆవిడ ఏదో అనబోతే నేను తల అడ్డంగా ఊపాను. బావమరిది గోడకు తిరిగి నిలబడ్డాడు, సూదంటే వాడికి కళ్ళు తిరుగుతాయట. ఇలాంటివాణ్ణి పట్టుకోవడానికి తెచ్చారు!

చాలాసేపటికి పిచ్చుక చేతులు తనే తీసింది. తీసి, ఒకటి వెంటనే గాల్లోకి ఎత్తింది. డాక్టరమ్మ ఇంకా ఏమీ మొదలుపెట్టనే లేదు.

"ఆపేశాను," అంది డాక్టరమ్మ.

అలా ఎన్నిసార్లు ఎత్తిందో. సూదప్పుడు అరిచింది. పన్ను వచ్చేసరికి అరవలేదు, ఆశ్చర్యపోయింది.

మార్చి 8

ముగ్గురం సూపు తాగాం. బావుంది. ఇన్నాళ్ళు అనవసరంగా మానేశాను.

మార్చి 10

మా ఆవిడను అడిగాను. "నా పన్ను సంగతి కూడా తెలుసా నీకు?"

"తెలియకేం? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఇంట్లోవాళ్ళకు కనబడదా?"

"మరి డాక్టరమ్మతో నా పంటి గురించి ఏమన్నావు?"

"మీ పంటి గురించా? ఏమీ అనలేదే."

"ఒక్కసారి కూడా?"

"పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే మీ గురించి ఎవరికి గుర్తుందండీ?"

ఇంత కుట్ర జరిగితే అందులో నా పేరే లేదు. ఎందుకో కాస్త చిన్నతనంగా అనిపించింది. ముందుపంటి రంగు సంగతి డాక్టరమ్మనడిగాను. నిజంగా రంగు కోసమేనట. ఆ రోగి పన్ను తెచ్చి చూపించింది. అద్దంలో పోల్చుకున్నాను. నిజమే, ఒకటే రంగు.

పళ్ళెం మీద గుడ్డ ఎందుకు కప్పారని కూడా అడిగాను. దుమ్ము పడకుండా అంది. ఇది మాత్రం పూర్తిగా నమ్మలేదు.

మార్చి 12

మా ఆవిడ పిచ్చుకను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఊరికే చూస్తారని చెప్పడం తప్పే, నాకూ భయమేసింది" అంది. కౌంటరు గొంతుతో కాదు. మాటలు తడబడుతూ చెప్పింది. నేను పక్క గదిలో ఉన్నాను. వినాలని వినలేదు.

మార్చి 17

పన్ను తీయించుకోవడానికి గురువారం రమ్మంది. పిచ్చుకకు బడి. మా ఆవిడకు డ్యూటీ, సెలవు పెడతానంటే వద్దన్నాను.

"నిజంగా వెళ్తారా?"

"ఎక్కడికో వెళ్ళాలా ఏంటి? నేను పనిచేసేదే అక్కడ."

"అందుకే అడుగుతున్నా. ఇన్నేళ్ళూ అక్కడే పనిచేశారుగా."

ఈ అనుమానం మా ఇంట్లో అంటువ్యాధి.

మార్చి 18

వెళ్ళకపోవడానికి కారణాలు: రేపు ఇవ్వాల్సిన పళ్ళ వరస ఒకటుంది. నొప్పి కూడా దాదాపు లేదు. నొప్పి లేని పన్ను పీకించుకునేవాణ్ణి ఏమంటారు?

పైగా పిల్ల చూడదు కదా. ఎవరూ చూడరు.

మార్చి 19

పొద్దుటి నుంచి ఒకే పన్నును పాలిష్ చేస్తూ కూర్చున్నాను. ఇంకాస్త అయితే అరిగిపోయేది. మేస్త్రీ ఒక్క మాట అనలేదు. అననందుకు ఆయన మీద కోపమొచ్చింది. ఎవరైనా తోస్తే ఎదురు తిరగొచ్చు. ఎవరూ తొయ్యడం లేదు.

మోటారు ఆపాను. అవతల గదిలో రోగి ఎవరో డబ్బు కట్టి వెళ్ళిపోయిన చప్పుడు, వీధి తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత నీళ్ళు పడుతున్న చప్పుడు.

చేతుల మైనం తుడుచుకుని మధ్య తలుపు తీశాను. డాక్టరమ్మ నాకు వీపు పెట్టి సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. వెనక్కి వెళ్ళిపోయినా ఆవిడకు తెలిసేది కాదు. ఆ సంగతి నాకు బాగానే తట్టింది. గుమ్మంలో కాసేపు నిలబడ్డాను కూడా. భయం ఏమీ తగ్గలేదు. తగ్గాక వెళ్దామనుకుంటే సాయంత్రమైపోతుందనిపించింది.

వెళ్ళి కూర్చున్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగి, కుర్చీలో మనిషిని చూసి కెవ్వుమంది.

"అబ్బ, హడలగొట్టారు మాస్టారూ! ఇంకా పిలవనే లేదుగా!"

జవాబు చెప్పలేకపోయాను. అప్పటికే నోరు తెరిచి ఉంచాను.